ఇంజనీరింగ్‌కని స్కాలర్‌షిప్ ఇస్తే నాటకాల సెట్లు, ప్రభలు అంటున్నాడు మా తమ్ముడు

అంబాజీపేట_అక్క
కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి. మా తమ్ముడు ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాసి పాసయ్యాడు. ఏడాదికి 12,000 వచ్చేది. మా నాన్న కొబ్బరి దింపు పనికి వెళ్తాడు. నెలకి ఆ వెయ్యి రూపాయలతోనే వాడి ట్యూషనూ, పుస్తకాలూ గడిచాయి. పదయ్యాక పాలీసెట్ ర్యాంకుతో డిప్లొమా మెకానికల్‌లో చేరాడు. డిప్లొమాకి ఆ స్కాలర్‌షిప్ వర్తించదన్నారు, ఆగిపోయింది. అప్పుడు మా హెడ్మాస్టారు ఒక ట్రస్టుకి అర్జీ పెట్టించారు. అప్పట్నుంచీ హాస్టలు, మెస్సు, పుస్తకాలు అన్నీ వాళ్ళే చూస్తున్నారు. ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరాడు, ఇప్పుడు ఫైనలియరు. చదువు పేరు చెప్పి మా ఇంటి మీద ఒక్క రూపాయి అప్పు లేదు.

క్యాంపస్‌లో చెన్నై వైపు కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. వీడేమో నాటకాల సెట్లు, ప్రభలు, ఎగ్జిబిషన్లు, మ్యూజియంలో వస్తువులు అమర్చడం, ఇదే నా పని అంటున్నాడు. సంక్రాంతికి శివుడి పేర భుజాల మీద మోసుకెళ్ళే వెదురు ప్రభలుంటాయి కదా, మా ఊరి ప్రభకి చట్రం ఇప్పుడు వీడే గీస్తున్నాడు. నాన్నది ఒకటే మాట: "ఇంజనీరువవుతావని వాళ్ళు డబ్బిస్తే, తిని నాటకాలాడతావా?" ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో నేనూ అమ్మా నలుగుతున్నాం.

చిన్నప్పుడే ఎవరో నమ్మి ఇంజనీరింగ్‌కని చెయ్యందిస్తే, ఆ చదువుతో వేరే దారి పట్టడం వాళ్ళని మోసం చేసినట్టా?

గట్టుమీద_గోపాలం
మోసం అనను, తొందర అంటాను. ముందు ఉద్యోగంలో చేరమనండి. ట్రస్టు వాళ్ళు మీ వాడికి ఇచ్చారంటే క్యూలో ఉన్న ఇంకో కుర్రాడికి ఇవ్వలేదన్నమాట. ఆ కుర్రాడైతే ఈపాటికి బుద్ధిగా చెన్నై బండెక్కేవాడు.

పాలకొల్లు_పద్మ
గోపాలం గారూ, ఆ రెండోవాడు కూడా మూడో ఏడాదిలో గిటారు కొనుక్కునేవాడేమో, మీకెలా తెలుసండీ!

కాలవగట్టు_ఇంజనీరు
అక్కగారూ, ముందు ట్రస్టు కాగితాలు తీసి చదవండి. కొందరు బాండు రాయించుకుంటారు: చదువయ్యాక ఇన్నేళ్ళు ఫలానా చోట పనిచెయ్యాలి, లేదంటే డబ్బు వెనక్కి కట్టాలి అని. ఎక్కువమంది మార్కులూ హాజరూ చూసి ఊరుకుంటారు. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటుకీ 75 శాతం హాజరు ఉండాలన్న షరతు ఉంది గానీ, పట్టా చేతికొచ్చాక ఏం పని చేస్తున్నావని అడిగే నిబంధన లేదు. బాండు లేకపోతే చట్టం దృష్టిలో మీ వాడు ఎవరికీ బాకీ లేడు. మీ నాన్నగారు అంటున్నది మర్యాదకి సంబంధించిన బాకీ. దాన్ని తేలిగ్గా తీసెయ్యకండి, ఆయన బాధ నిజమైనదే.

నేను నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యాను. మా బ్యాచిలో సగం మందిమి స్కాలర్‌షిప్పుల మీద చదివినవాళ్ళమే. ఒకతను డ్రాయింగ్ బ్రాంచిలో లాకులూ తూములూ గీసేవాడు. ఆదివారం వస్తే పాత గుళ్ళు కొలుచుకునేవాడు. ప్లానూ, ఎలివేషనూ, సెక్షనూ గీసి చేతిలో పెడితే స్థపతులు నోరు తెరిచేవారు. తరవాత తరవాత అతని గీతల మీదే కొన్ని మండపాలు బాగుచేశారు. డిపార్టుమెంటుకి అతనివల్ల నష్టం ఏం జరిగిందంటారు?

గట్టుమీద_గోపాలం
అతను ఉద్యోగం చేస్తూ ఆదివారాలు చేశాడండీ. నేను చెప్పేదీ అదే కదా.

కాలవగట్టు_ఇంజనీరు
ఆయ్, అది ఒప్పుకుంటాను.

ఉప్పాడ_దారం
నా సంగతి చెప్తాను, పనికొస్తే చూడండి. నాది కంప్యూటర్స్ బీటెక్. ఆడపిల్లలకిచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ వచ్చింది, ఏడాదికి 50,000. ఇప్పుడు జాందానీ చీరలకి డిజైన్లు చేస్తున్నాను. వాటితోపాటు పిల్లల పుస్తకాలకి బొమ్మలు, ఒకటి రెండు హోటళ్ళకి గోడ మీద నేత పలకలు కూడా.

"బీటెక్ చదివి చీరలా" అన్నవాళ్ళు చాలామంది. జాందానీలో బుటా అంతా చేత్తో ఎక్కించాలి. నేస్తూ ఉండగానే ఒక్కో పువ్వుకీ అదనపు పేక పోగు విడిగా తీసుకోవాలి. కాగితం మీద మామిడి పిందె వంపు తిప్పడం ఎవరైనా చేస్తారు. దాన్ని పడుగూ పేకల లెక్కలోకి దింపేసరికి వంపు మెట్లుమెట్లుగా విరిగిపోతుంది. ఎన్ని పోగులకి ఒక మెట్టు వెయ్యాలి, ఎక్కడ ఒక పోగు వదిలేస్తే కంటికి వంపుగానే అనిపిస్తుంది అన్నది తేల్చాలి. కంప్యూటర్ గ్రాఫిక్స్ పేపర్లో గీతని గళ్ళలోకి మార్చే పద్ధతి ఒకటుంది, 1962లో ఐబీఎంలో పనిచేసే బ్రెసెన్‌హామ్ కనిపెట్టింది. పరీక్ష కోసం బట్టీ పట్టాను. మగ్గం దగ్గర కూచున్నాకే అది ఎందుకో అర్థమైంది. నేత మామయ్యగారికి ఇదంతా ఏ పేపరూ చదవకుండా చేతుల్లో ఉంది, ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నేను చేర్చిందల్లా కొత్త డిజైను మగ్గమెక్కకముందే తెర మీద చూసుకోవడం, ఎంత పోగు పడుతుందో లెక్క కట్టడం. దాంతో వాళ్ళకి వృథా తగ్గింది.

అసలు చెప్పాలనుకున్నది వేరే. మా క్లాసులో నాకంటే బాగా బొమ్మలేసే అమ్మాయి ఉండేది. ఎడ్యుకేషన్ లోను మీద చదివింది. చదువవగానే కంతులు మొదలవుతాయని దొరికిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిపోయింది. మళ్ళీ కుంచె పట్టలేదు. నా మీద లోను లేదు కాబట్టే తక్కువ డబ్బులకి మగ్గాల దగ్గర కూచుని పని నేర్చుకోగలిగాను. తేడా మా ఇద్దరి ప్రతిభలో లేదు.

పాలకొల్లు_పద్మ
ఆఖరి పేరా రెండుసార్లు చదివాను.

గట్టుమీద_గోపాలం
బాగుందమ్మా, నిజంగా బాగుంది. మరి ఆ నేర్చుకునే రోజుల్లో ఇల్లెవరు నడిపారు?

ఉప్పాడ_దారం
అమ్మ మిషను కుడుతుంది. నేను సాయంత్రాలు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని. బీటెక్ అని బోర్డు పెడితే ట్యూషన్‌కి పిల్లలు వస్తారు గోపాలం గారూ, ఆ పట్టా అలా కూడా అన్నం పెట్టింది.

జగన్నాథపురం_వంతెన
ఒకదానికని ఇచ్చిన డబ్బు ఇంకోదానికి దారితీయడం మన కాకినాడలో వందేళ్ళ కిందటే జరిగింది. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. 1923లో అమెరికా వెళ్ళడానికి మామగారి డబ్బుతోపాటు మా ఊరి మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ చెయ్యందించింది. వెళ్ళింది ఉష్ణమండల వైద్యం చదవడానికి. తీరా అక్కడ జీవరసాయనంలోకి మళ్ళారు. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కె-సుబ్బారావు పద్ధతి, కండరాలకి శక్తినిచ్చే ఏటీపీ, తరవాత ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, ఇవన్నీ ఆయన పనులే. వెళ్ళిన పనే చేసి తిరిగొచ్చి ఇక్కడ ఆసుపత్రి పెట్టుంటే అదీ మంచి పనే. కానీ ధర్మసంస్థ డబ్బు వృథా అయిందని ఇవాళ ఎవరూ అనరు.

రీయింబర్స్_రాజు
అందరూ స్కాలర్‌షిప్ ఇస్తే రెక్కలొస్తాయన్నట్టు మాట్లాడుతున్నారు. నాకు ఫీజు రీయింబర్స్‌మెంటే దిక్కు. ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదని మా కాలేజీ వాళ్ళు సర్టిఫికెట్లు పట్టుకు కూచున్నారు. ముందు మీరు కట్టండి, డబ్బు పడ్డాక మీకిస్తాం అన్నారు. నాన్న వడ్డీకి తెచ్చి కట్టారు. నేను షార్ట్ ఫిల్ములకి ఎడిటింగ్ చేసేవాణ్ణి, చేతి నిండా పని వచ్చే టైములో ఆ వడ్డీ కట్టడానికి కాల్ సెంటర్‌లో నైట్ షిఫ్టులు చేశాను. కాగితం మీద నేనూ స్కాలర్‌షిప్ విద్యార్థినే. టైముకి రాని స్కాలర్‌షిప్పు అప్పుకిందే లెక్క. సుబ్బారావు గారి కథ చెప్పేటప్పుడు మాలాంటివాళ్ళని కూడా లెక్కలో వేసుకోండి.

ఉప్పాడ_దారం
రాజు గారూ, మీరన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. నేను చెప్పిందీ అప్పులేకపోవడం గురించే. మీకు ఆ మేలు అందకుండా పోయింది. ఇప్పుడు ఎడిటింగ్ చేస్తున్నారా?

రీయింబర్స్_రాజు
వడ్డీ తీరిపోయింది. పెళ్ళి వీడియోలతో మళ్ళీ మొదలుపెట్టాను. చేస్తున్నాను.

అంబాజీపేట_అక్క
కాలవగట్టు గారూ, కాగితాలు చూశాం. బాండు లేదు. ప్రతి సెమిస్టరు మార్కుల జాబితా పంపాలి, సబ్జెక్టు తప్పితే సాయం ఆగుతుంది, అంతే ఉంది. వీడు ఒక్కటీ తప్పలేదు. రాజు గారి పోస్టు నాన్నకి చదివి వినిపించాను. "ఆ కుర్రాడికి ఉద్యోగం చెయ్యకపోతే గడవదు, మనకీ అంతే" అన్నారు.

లంకల_లైటింగు
నాది డిప్లొమా ఎలక్ట్రికల్. మా మేనమామ గారి కులసంఘం వాళ్ళు స్కాలర్‌షిప్ ఇచ్చి చదివించారు. పాతికేళ్ళుగా పరిషత్తు నాటకాలకి లైట్లు వేస్తున్నాను. తమ్ముడి వైపు గట్టిగా మాట్లాడాలని వచ్చాను.

ఇందులో కళ ఎంతో కరెంటు అంత. పాత హాలోజెన్ లైట్లు ఒక్కోటి 1000 వాట్లు. పది పెడితే పది కిలోవాట్లు, 230 వోల్టుల మీద నలభై మూడు ఆంపియర్ల పైమాట. ఊరి కళావేదికలో వైరింగు అంత మొయ్యదు. మూడు ఫేజులకీ సమానంగా పంచకపోతే ఒక ఫేజు వేడెక్కిపోతుంది. న్యూట్రల్ వదులైందా, ఒక వైపు లైట్లు గుడ్డివైపోతాయి, ఇంకో వైపు మాడిపోతాయి. సరిగ్గా ఏడుపు సీను మధ్యలో అవుతుంది అది! చదువుకోకుండా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు షాకు కొట్టించుకుని నేర్చుకున్నారు, కొందరు పోయారు కూడా. నేను ఎర్తింగు చూడకుండా స్టేజీ ఎక్కను. అది చదువు ఇచ్చిన అలవాటు.

ఇప్పుడు ఎల్‌ఈడీలు వచ్చాయి, కరెంటు తక్కువ లాగుతాయి. కానీ హాలోజెన్‌ని డిమ్మరు మీద తగ్గిస్తుంటే తీగ చల్లబడుతూ వెలుగు పసుపులోకి, ఎరుపులోకి జారుతుంది. సాయంకాలం చీకటిపడుతున్నట్టే ఉంటుంది. ఎల్‌ఈడీ తగ్గిస్తే రంగు మారదు, వెలుగే తగ్గుతుంది. ఆ సాయంకాలం కావాలంటే తెలుపు తగ్గిస్తూ కాషాయం రంగు విడిగా కలపాలి. ఎంత వేగంతో అన్నది చెవులు డైలాగు మీద పెట్టి చెయ్యాలి. నాకు ఇందులో ఉన్న ఆనందం జీతంలో దొరికేది కాదు.

అయితే గోపాలం గారి ప్రశ్నకి నా జవాబు: సీజను లేని నెలల్లో ఇళ్ళకి వైరింగు చేస్తాను, రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్ల మోటార్లు చూస్తాను. నాటకాలొక్కటే అయితే గడవదు, దాచుకోవడం దేనికి. ఇంజనీరింగ్ చదువు ఉంటే ఈ కొస ఆ కొస కలుపుకోవచ్చు.

తాపేశ్వరం_కాజా
లంకల గారూ, మా చెరువు మోటారు మూడు రోజులుగా ఆగి ఆగి తిరుగుతోంది. నాటకం లేని రోజు చూసుకుని రండి బాబూ, కాజాలు నేను చూసుకుంటాను.

లంకల_లైటింగు
కెపాసిటర్ పోయుంటుంది. ఆదివారం వస్తా.

పాలకొల్లు_పద్మ
రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు గారిని కూడా తలుచుకోవాలి. 1897లో పుట్టి 1925కే పోయారు, 28 ఏళ్ళు కూడా నిండలేదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే ఆ పిల్లవాడి చెయ్యి గుర్తుపట్టి ప్రోత్సహించకపోతే బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలు దాకా వెళ్ళేవారా? సాయం ఎంత అన్నదాని కంటే ఏ వయసులో అందిందన్నది ముఖ్యం అంటాను. పద్నాలుగు, పదిహేనేళ్ళప్పుడు ఎవరో పెద్దమనిషి "నువ్వు పనికొస్తావు" అంటే ఆ మాట ఎముకల్లోకి పోతుంది. మా అబ్బాయికి ఆ వయసులో అలా చెప్పినవాళ్ళు లేరు. ఇరవై దాటాక ఎంతమంది చెప్పినా వాడు నమ్మలేదు.

లెస్టర్‌లో_లంకవాడు
పద్మ గారి మాట మీద. ఇక్కడ ఇంగ్లండులో ఆర్క్‌రైట్ ఇంజనీరింగ్ స్కాలర్‌షిప్ అని ఒకటుంది. 16 ఏళ్ళ వయసులో, మన ఇంటర్ లాంటి చదువు మొదలెట్టే ముందు, ఇంటర్వ్యూ పెట్టి ఎంపిక చేస్తారు. డబ్బు పెద్ద మొత్తమేమీ కాదు. ఇంజనీరింగ్‌లో నాయకులు కావాలన్నదే వాళ్ళ ఉద్దేశం, అది దాచరు. అయినా ఆ వయసు పిల్లవాడికి "ఏదైనా చేసి చూపించు" అని చెప్పి, చేసినదాని గురించి పెద్దవాళ్ళ ముందు మాట్లాడించడం చిన్న విషయం కాదు. ఆ అలవాటు ఏ పనిలోకి వెళ్ళినా వెంటే వస్తుంది.

ఇంకోటి. తమ్ముడు ప్రభలు చేస్తాడన్నారు కాబట్టి, అలెగ్జాండర్ కాల్డర్ శిల్పాలు చూడమనండి. ఆయన 1919లో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్న మనిషి. తరవాత తీగలకి రేకుముక్కలు వేలాడదీసి గాలికి తిరిగే శిల్పాలు చేశాడు. ఎక్కడ పట్టుకుంటే ఏ కొమ్మ ఎటు ఒరుగుతుందో లెక్క తెలిసిన చెయ్యి అని చూడగానే తెలుస్తుంది.

గట్టుమీద_గోపాలం
సుబ్బారావు గారు, దామెర్ల, కాల్డర్. అందరూ పైకొచ్చినవాళ్ళే. పైకి రానివాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తుండవు కాబట్టి ఇక్కడ రాయలేరు. దింపు పని చేసే మనిషికి యాభై దాటాక చెట్టెక్కడం ఎంత కష్టమో ఎవరైనా మాట్లాడారా? ఆయన నడుం పడిపోతే ఆ ఇంటికి రేపు ఎవరు? నాకు కళ అంటే పగ లేదు. మా నాన్నా చెట్టెక్కినవాడే, అందుకే అంటున్నాను.

అంబాజీపేట_అక్క
గోపాలం గారూ, ఆ మాట అన్నందుకు మీకు దండం. మా ఇంట్లో అసలు భయం అదే. నాన్న ఆ భయాన్ని ట్రస్టు పేరు మీద చెప్తున్నారేమో అని మీ పోస్టు చదివాక అనిపించింది.

కాలవగట్టు_ఇంజనీరు
ఇక పనికొచ్చే సంగతులు. బీటెక్ పూర్తి చెయ్యాల్సిందే, అందులో రెండో మాట లేదు. తరవాత సీడ్ అనే పరీక్ష ఉంది, ఐఐటీ బొంబాయి నిర్వహిస్తుంది, డిజైన్‌లో మాస్టర్స్‌కి. ఏ బ్రాంచి ఇంజనీరైనా రాయొచ్చు. బొంబాయి ఐఐటీలో డిజైన్ కేంద్రం 1969 నుంచీ ఉంది. సీడ్‌లో అర్హత వచ్చి పీజీలో చేరినవాళ్ళకి నెలకి 12,400 ఉపకార వేతనం దొరికే పథకం ఉంది. సౌండు మీద మనసుంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి డిగ్రీ ఉండాలి. మీవాడికి సెట్లంటే ఇష్టం కాబట్టి సీడ్ చూడండి. ఉద్యోగంలో చేరి కూడా రాయొచ్చు, గోపాలం గారు వినాలి ఇది.

అబ్దుల్ కలాం గారికి మద్రాసు ఎంఐటీలో చేరేటప్పుడు ఫీజుకి అక్కగారు గాజులూ గొలుసూ కుదువ పెట్టారు. తరవాత ఒక డిజైను ఆలస్యమైందని ప్రొఫెసరు మూడు రోజులు గడువిచ్చి, అవ్వకపోతే స్కాలర్‌షిప్ తీసేస్తానన్నారు. రాత్రింబగళ్ళు కూచుని గీసి ఇచ్చారు. ఆయన విమానాల నుంచి రాకెట్లకి వెళ్ళారు, కవిత్వం రాశారు, వీణ వాయించారు. ఆ మూడు రోజుల్లో అబ్బిన గుణం అన్నిటికీ పనికొచ్చుంటుంది. స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్ళు కోరుకోవాల్సింది ఆ గుణాన్నే అని నా నమ్మకం.

ప్రభ_తమ్ముడు
అక్క ఇక్కడ రాసిందని నిన్ననే తెలిసింది. కోపం వచ్చింది, తరవాత అన్నీ చదివాను.

నాకు నాటకాల పిచ్చి అని నాన్న అనుకుంటున్నారు. నాకున్నది బరువుల పిచ్చి. కనుమ రోజు ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోటకి 11 ఊళ్ళ ప్రభలు వస్తాయి. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలవలో దిగి దాటుతాయి. గట్టు దిగేటప్పుడు ముందు మోసేవాళ్ళు కిందకి వెళ్తారు, వెనకవాళ్ళు పైన ఉంటారు, ప్రభ మొత్తం ముందుకి తూలుతుంది. పైన చుట్టిన గుడ్డకి తెరచాపలా గాలి పడుతుంది. మా తాతలు ఏ లెక్కా రాయకుండా వెదుళ్ళు ఎక్కడ మందంగా కట్టాలో తెలుసుకున్నారు. నేను డిప్లొమాలో గరిమనాభి, అంటే వస్తువు బరువంతా నిలిచే చోటు, గురించి చదివాక మా ఊరి ప్రభని కొలిచి బొమ్మ గీశాను. కింద బరువు కాస్త పెంచి, పైన ఆరుచోట్ల వెదురు సన్నబరిచాం. మోసినవాళ్ళు తేడా తెలిసిందన్నారు. అలంకారం మాత్రం పెద్దవాళ్ళు చెప్పినట్టే, దాన్ని ముట్టుకోలేదు. 2023లో ఢిల్లీ గణతంత్ర కవాతులో మన రాష్ట్ర శకటంగా ప్రభల తీర్థం వెళ్ళింది. టీవీలో చూస్తూ ఆ చట్రం ఎవరు గీసుంటారా అనుకున్నాను. అలాంటి పని చేసి బతికేవాళ్ళు ఉంటారని అప్పుడే తట్టింది.

గోపాలం గారూ, నాన్న నడుం సంగతి నాకు తెలుసండి. చెన్నై ఉద్యోగం వద్దని నేను ఇంకా రాయలేదు.

గట్టుమీద_గోపాలం
మంచిది బాబూ. చేరి, సీడ్ రాయి. నాన్నతో ఈ బరువుల మాట నువ్వే చెప్పు, చెట్టెక్కే మనిషికి బరువు సంగతి నీకంటే బాగా తెలుసు.

లంకల_లైటింగు
ట్రస్టు వాళ్ళకి కూడా నువ్వే ఉత్తరం రాయి తమ్ముడూ, అక్కతో రాయించకు. మా సంఘం పెద్దలకి నేను నాటకాల్లో ఉన్నానని చెప్పడానికి మొహమాటపడి చాలా ఏళ్ళు ఊరుకున్నాను. చెప్పాక వాళ్ళ వార్షికోత్సవానికి లైట్లు నన్నే వెయ్యమన్నారు!

కాలవగట్టు_ఇంజనీరు
తమ్ముడూ, సీడ్ తరవాత కాలేజీలు నీ పని చూపించమంటాయి. ప్రభ ఫొటోలు అందరూ పెడతారు. నువ్వు మార్చకముందు కొలతలు, మార్చాక కొలతలు, కట్లు ఎలా వేశారో దగ్గరి బొమ్మలు, మోసినవాళ్ళు ఏమన్నారో వాళ్ళ మాటల్లోనే పెట్టు. వెదురు పచ్చిదా ఎండుదా, ఎన్ని నెలల ముందు నరికారు, అదీ రాయి. సన్నబరిచిన చోట కణుపు దగ్గర కోశారా, మధ్యలోనా?

ప్రభ_తమ్ముడు
కణుపుకి పైన అండి, కణుపు వదిలేశాం. చీలకుండా ఉంటుందని తాత చెప్పాడు.

కాలవగట్టు_ఇంజనీరు
తాతగారి పేరుతో సహా రాయి అది.

రావులపాలెం_రమ
మధ్యలో దూరుతున్నాను. మా అమ్మాయి డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసింది, ఈ ఏడు రెండో సంవత్సరంలో చేరుతుంది. ఉప్పాడ గారు చెప్పిన ప్రగతి దీనికి వస్తుందా?

ఉప్పాడ_దారం
వస్తుందండి, అర్హతలు సరిపోతే. నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్ళకీ ఉంది. కాలేజీకి సాంకేతిక విద్య చూసే ఏఐసీటీఈ అనుమతి ఉండాలి, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, ఇంటికి ఇద్దరమ్మాయిలదాకా ఇస్తారు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అర్జీ పెట్టాలి. ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే తీయించుకోండి, చివర్లో పరుగులు పెట్టాల్సి వస్తుంది. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఏదైనా తీసుకుంటుంటే రెండూ కలిపి తీసుకోవచ్చో లేదో నిబంధనలు ముందే చూసుకోండి. ఏ బ్రాంచి?

రావులపాలెం_రమ
సివిల్. ఇంటి గోడల నిండా బొమ్మలే.